అంజన్న దర్శనం అయ్యాక... మానేటి ఒడ్డున మసీదు చూసొద్దాం!

కొండగట్టు అంజన్న దర్శనం అయింది. మొక్కు తీరింది. కొబ్బరికాయ చిప్పలు, సిందూరం, పిల్లలకు కొన్న గాజులు, బొమ్మలు సంచీలో సర్దేశారు. గడియారం చూస్తే ఇంకా పదిన్నరే. వేములవాడ రాజన్నను నిన్ననే చూసుకున్నారు. ధర్మపురికి వెళ్ళే ఓపిక లేదు. ఇంటికి ఇప్పుడే వెళ్తే మళ్ళీ ఆ వంటగదే. మరి మిగిలిన సగం రోజు ఏం చేద్దాం?

కరీంనగర్ దారి పట్టండి. అక్కడి నుంచి సిరిసిల్ల వెళ్ళే రోడ్డులో పది, పదిహేను కిలోమీటర్ల లోపే ఎలగందుల అనే ఊరు వస్తుంది. తాటిచెట్లు, రాళ్ళగుట్ట, దాని మీద కోట, పక్కన మానేరు. అక్కడే ఓ పాత మసీదు, దానికి రెండు సన్నని మినార్లు. ఇదీ మన ఈ వారం యాత్ర.

"మసీదా? మనమెందుకు వెళ్తాం? ఆయనా పిల్లలూ చూసొస్తారు, నేను చెట్టు కింద సామాన్ల దగ్గర కూర్చుంటాలే" అంటున్నారు కదూ! ఏ యాత్రలో చూడండి, సామాన్ల దగ్గర మిగిలిపోయేది మనమే. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపేది మనం, నీళ్ళ సీసాలు నింపేది మనం. చూడాల్సినవి చూసి వచ్చి కబుర్లు చెప్పేది మాత్రం వాళ్ళు. ఈసారి అలా కుదరదు. ఎందుకంటే ఇలాంటి కట్టడాన్ని చూసి అర్థం చేసుకోవడానికి ఇల్లాలి కన్నును మించింది లేదు. నమ్మకం లేదా? చదవండి మరి.

ఊరు చిన్నది, పేరు పెద్దది

ఇవాళ ఎలగందుల అంటే ఓ పల్లెటూరు. ఒకప్పుడు ఇదే జిల్లాకు ముఖ్యపట్నం. వెలిగందుల అనీ, బహుధాన్యపురం అనీ పాత పేర్లున్నాయి. బహుధాన్యం అన్న మాటలోనే తెలుస్తోంది కదా, ఏటి ఒడ్డు నేల, పంటలకు కొదవలేని చోటు అని! కాకతీయుల కాలం నుంచీ ఈ కోట చేతులు మారుతూ వచ్చింది. బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, చివరికి హైదరాబాదు నిజాములు. ఎవరు వచ్చినా ఈ గుట్టను వదల్లేదు. 1905లో జిల్లా ముఖ్యపట్నం కరీంనగర్‌కు మారిపోయింది. ఆ కరీంనగర్ పేరు కూడా ఎలగందుల ఖిలాదారు కరీముద్దీన్ పేరు మీదే వచ్చిందంటారు. అంటే ఏమిటన్నమాట? తల్లి ఊరు ఇది, పిల్ల ఊరు అది. పిల్ల పెరిగి పెద్దదై కచేరీలూ కోర్టులూ అన్నీ తనతో తీసుకుపోతే, తల్లి మానేటి ఒడ్డున ఒంటరిగా మిగిలిపోయింది.

మనం చూడబోయే మసీదును 1754లో జఫరుద్దౌలా కట్టించాడు. అసలు పేరు మీర్జా ఇబ్రహీం బేగ్. ధంసా అన్న బిరుదుతో చరిత్రలో ఎక్కువగా కనిపిస్తాడు. ఈ ప్రాంతమంతా అతని ఏలుబడిలో ఉండేది. మీరు జగిత్యాల వాళ్ళయితే ఇతను మీకు కొత్తేమీ కాదు. 1747లో జగిత్యాల కోట కట్టించింది ఇతనే. నక్షత్రం ఆకారంలో, చుట్టూ నీటి అగడ్తతో ఉండే ఆ కోటకు ఫ్రెంచి ఇంజనీర్లు నమూనా గీశారు. జాక్, తాల్ అన్న ఆ ఇద్దరి పేర్లు కలిసే జగిత్యాల అయిందని ఊళ్ళో చెప్పుకునే కథ కూడా ఉంది. కొండగట్టుకు జగిత్యాల పదిహేను కిలోమీటర్లే కాబట్టి, కావాలంటే ముందు అటు వెళ్ళి ఆ కోటను చూసి, తర్వాత వెనక్కి తిరిగి ఎలగందులకు రావచ్చు. ఒక్క మనిషి కట్టించిన రెండు కట్టడాలు ఒకే రోజులో చూసినట్టు అవుతుంది.

నీళ్ళ పక్కనే ఎందుకు?

ఎలగందుల కోటకు ఒక పక్క మానేరు, చుట్టూ అగడ్త. పైకి ఎక్కి చూస్తే, నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో దిగువ మానేరు జలాశయం సముద్రంలా పరుచుకుని కనిపిస్తుంది. అయితే ఆ జలాశయం పాత కాలంది కాదు. 1974లో పని మొదలై 1985లో పూర్తయిన డ్యాము వల్ల ఏర్పడింది. మసీదు కట్టిన నాటికి ఉన్నది ఏరే. సిరిసిల్ల మీదుగా వచ్చి, చివరికి గోదావరిలో కలిసే మన మానేరు.

కోటకు నీళ్ళు కావాలన్నది తెలిసిందే. మసీదుకు నీళ్ళెందుకు? నమాజుకు ముందు వజూ చేయాలి. చేతులు కడుక్కోవాలి, నోరు పుక్కిలించాలి, ముక్కు శుభ్రం చేసుకోవాలి, ముఖం కడుక్కోవాలి, మోచేతుల దాకా కడుక్కోవాలి, తడిచేత్తో తల నిమురుకోవాలి, పాదాలు కడుక్కోవాలి. రోజుకు ఐదు పూటలు. ఇంటికి నీళ్ళు మోసే మనకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది! పదిమంది వచ్చే చిన్న మసీదుకైనా రోజూ ఎన్ని బిందెల నీళ్ళు కావాలి? అందుకే పూర్వం మసీదు కట్టేటప్పుడు ఏరో, చెరువో, బావో దగ్గర్లో ఉండేలా చూసుకునేవారు. లేకపోతే ముంగిట్లో హౌజు తవ్వించేవారు. హౌజు అంటే రాతితో కట్టిన నీళ్ళ తొట్టి. పాత మసీదుకు వెళ్ళినప్పుడు మొదట చూడాల్సింది అదే. ఎండిపోయి ఉన్నా సరే, దాని వెడల్పు చూస్తే అక్కడికి ఎంతమంది వచ్చేవారో అంచనాకు వస్తుంది.

మనం కూడా అంతే కదా! కోనేటిలో కాళ్ళు కడగకుండా గుడి మెట్లెక్కుతామా? బతుకమ్మను పేర్చుకుని చెరువుకే కదా తీసుకెళ్తాం? దేవుడి దగ్గరికి వెళ్ళే దారి నీళ్ళ మీదుగానే వెళ్తుందని మన నేల మీద అందరికీ తెలుసు.

ఇల్లాలి కన్నుతో చూస్తే...

ఇలాంటి పాత మసీదులో ఏముంటాయి? గుళ్ళో లాగా విగ్రహాలు, అలంకారాలు ఉండవు. "ఏమీ లేదే!" అని ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. నెమ్మదిగా చూడండి.

ముందు దిక్కు చూసుకోండి. మన ప్రాంతం నుంచి మక్కా పడమటి వైపు ఉంటుంది. అందుకే తెలంగాణలో ఏ మసీదుకైనా నమాజు చేసే గోడ పడమర. తూర్పున ఖాళీ ముంగిలి. సాధారణంగా తూర్పు నుంచే లోపలికి వస్తాం. ఆ పడమటి గోడలో మధ్యన గూడు లాంటిది ఉంటుంది, దాన్ని మిహ్రాబ్ అంటారు. దాని పక్కన రెండు మూడు మెట్ల గద్దె మింబర్. శుక్రవారం ఇమాము ప్రసంగించేది దాని మీదే. ముందు వైపు వరసగా కమానులు ఉంటాయి. మూడో, ఐదో, ఎక్కువగా బేసి సంఖ్యే.

ఇప్పుడు గోడ మీదికి చూపు తిప్పండి. పూలు, ఆకులు, తీగలు, గళ్ళు ఉంటాయి. మనుషుల బొమ్మలూ జంతువుల బొమ్మలూ మసీదులో చెక్కరు కనుక, పనివాళ్ళు తమ నేర్పంతా గీతల్లోనూ పూలల్లోనూ చూపించారు. ముగ్గు వేసే చేతికి ఈ పని ఇట్టే తెలిసిపోతుంది. ఎక్కడ చుక్క పెట్టారు, ఎక్కడ గీత తిప్పారు, ఏ పువ్వు ఎన్ని రెక్కలు, ఒక గళ్ళ నుంచి ఇంకో గళ్ళలోకి ఎలా వెళ్ళారు అన్నది మనం చూసినట్టు ఏ గైడూ చెప్పలేడు. ఒక నోటుబుక్కు వెంట ఉంటే రెండు మూడు నమూనాలు గీసుకోండి. సంక్రాంతికి వాకిట్లో వేసుకోవచ్చు, జాకెట్టు మీద కుట్టు పనికి వాడుకోవచ్చు.

ఇక ఆ పూలన్నీ దేనితో చేశారు? సున్నంతో. సిమెంటు లేని రోజులవి. కాల్చిన సున్నాన్ని నానబెట్టి, ఇసుకతోనో ఇటుక పొడితోనో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో గంటలకొద్దీ రుబ్బేవారు. దాన్నే డంగు సున్నం అంటారు. అందులో ఏం కలిపేవారో తెలుసా? బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన. వింటే వంటగది సామానులా లేదూ! బెల్లం కలిపితే సున్నం తొందరగా బిగుసుకోదు. మేస్త్రీకి నింపాదిగా పువ్వు తీర్చే తీరిక దొరుకుతుంది. తర్వాత ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి రాయిలా గట్టిపడుతూ పోతుంది. రెండు వందల డెబ్బై ఏళ్ళ వానలకు తట్టుకుని నిలబడిందంటే అదీ కారణం.

ఇంకో సంగతి. సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది. లోపలికి పోయిన తేమ బయటికి వచ్చేస్తుంది. బాగుచేస్తున్నామని చెప్పి దాని మీద సిమెంటు మెత్తితే తేమ లోపలే చిక్కుకుపోతుంది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి పెచ్చులు ఊడి, వాటితో పాటు పాత పూలూ ఊడి కింద పడతాయి. మీ అత్తగారి ఊళ్ళో పాత మిద్దె ఇల్లు ఉంటే మీరూ ఈ అవస్థ చూసే ఉంటారు. గుడి కానీ, మసీదు కానీ, పాత ఇల్లు కానీ, సున్నం గోడకు సున్నమే మందు. ఇంట్లో మరమ్మతు మాట వచ్చినప్పుడు ఈ ముక్క మర్చిపోకుండా చెప్పండి.

ఊగే మినార్ల ముచ్చట

ఎలగందుల పేరు చెప్పగానే చుట్టుపక్కల వాళ్ళు మొదట చెప్పే మాట, "అక్కడ మినార్లు ఊపితే ఊగుతయి!" అని. జఫరుద్దౌలా కట్టించిన మసీదుకు ఈ పేరే ఎక్కువ. చిన్నపిల్లలకు భలే సరదా, పెద్దవాళ్ళకూ తక్కువేం కాదు.

ఊగే మినార్లు ఇక్కడొక్కచోటే లేవు. గుజరాత్‌లో అహ్మదాబాదు సీదీ బషీర్ మసీదుకు ఇలాంటి పేరే ఉంది. అక్కడ ఒక మినార్ పైన ఊపితే రెండోది కూడా కదులుతుందని ప్రసిద్ధి. వినడానికి మాయలా ఉన్నా, కొంతవరకు మనమే ఊహించుకోవచ్చు. పొడవుగా, సన్నగా ఉన్న కట్టడం ఏదైనా పైన కొద్దిగా తోస్తే కొద్దిగా కదులుతుంది. సున్నంతో పేర్చిన గోడ సిమెంటు గోడంత బిరుసుగా ఉండదు, రవ్వంత సాగి మళ్ళీ సర్దుకుంటుంది. తాటిచెట్టు గాలికి ఊగుతుంది కనుకనే విరగకుండా నిలబడుతుంది. అదే సూత్రం.

అయితే ఒక్క మాట. సాగుతుంది కదా అని వచ్చినవాడల్లా సాగదీస్తే ఏమవుతుంది? పెళ్ళినాటి పట్టుచీర మడత ఒక్కసారి విప్పి చూసుకుంటే ఏమీ కాదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ లాగి, దులిపి చూస్తే ఆ మడత దగ్గరే చిరుగుతుంది. మినార్ అయినా అంతే. ఒక్కో ఊపుకు కంటికి కనిపించని సన్న పగులు పడుతుంది. పగుల్లోకి వాన నీళ్ళు దిగుతాయి, రావి విత్తనం పడుతుంది, వేరు పాకుతుంది. ఆ తర్వాత దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. సీదీ బషీర్ మినార్ల మీదికి ఇప్పుడు ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. ఇక్కడ ఆపడానికి ఎప్పుడూ ఓ మనిషి నిలబడి ఉండడు. కాబట్టి ఆపాల్సింది మనమే. "ఒక్కసారి ఊపి చూద్దాం అమ్మా!" అని పిల్లాడు గునుస్తాడు. ముద్దుగా వద్దని చెప్పండి. ఊగుతుందని తెలుసుకుంటే చాలు, ఊపి చూడక్కర్లేదు.

బొగ్గుతోనో మేకుతోనో గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. మన ఇంటి గోడ మీద పక్కింటి పిల్లాడు గీత గీస్తే ఊరుకుంటామా?

మమ్మల్ని లోపలికి రానిస్తారా?

అందరికీ ఉండే సందేహమే ఇది. మన ఊళ్ళలో పీర్ల పండుగ వస్తే పీరీల ముందు కుడకలు, ఊదు పెట్టి మొక్కని ఇల్లు ఎన్ని ఉన్నాయి? తరతరాలుగా వేములవాడ రాజన్నకు మొక్కినవాళ్ళే ఆ ప్రాంగణంలోని దర్గాకూ మొక్కుతూ వచ్చారు. కాబట్టి మనకు కొత్త ఏమీ లేదు. అయితే దర్గా వేరు, మసీదు వేరు. దర్గా అంటే ఓ మహాత్ముడి సమాధి, అక్కడ మొక్కులు ఉంటాయి. మసీదు అంటే నమాజు చేసే చోటు, అంతే. అక్కడ కొబ్బరికాయ కొట్టడం, పసుపు కుంకుమలు చల్లడం, దీపం పెట్టడం ఉండవు. భక్తి కొద్దీ అలా చేసినా వాళ్ళకు ఇబ్బంది. నిశ్శబ్దంగా చూసి రావడమే అక్కడి మర్యాద.

నమాజు లేని వేళల్లో, అడిగి వెళ్తే చాలా మసీదుల్లో చూడనిస్తారు. కొన్నిచోట్ల ఆడవాళ్ళను ముంగిట్లోంచే చూడమంటారు. అలా అంటే వాదన పెట్టుకోకండి. గర్భగుడిలోకి మనల్ని మాత్రం రానిస్తారా? ముంగిట్లోంచి కనిపించేదే ఎంతో ఉంటుంది. ఒకవేళ తాళం వేసి ఉంటే ఊళ్ళో అడగండి. "భాయ్, జర మసీదు చూస్తం" అంటే దారి చూపించేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. ఇంట్లోంచి పెద్దావిడ ఎవరైనా బయటికి వస్తే, "అమ్మీ" అని పలకరించి చూడండి. మాట కలిసిందంటే చాయ్ తాగందే కదలనివ్వరు.

వెండి తీగ పుట్టిల్లు

ఎలగందుల వరకూ వచ్చి ఈ కబురు వినకుండా వెళ్తే ఎలా? కరీంనగర్ వెండి తీగ పని పేరు మీరు వినే ఉంటారు. ఫిలిగ్రీ అంటారు. ఆ కళ మొదట ఎలగందులలోనే మొదలైందనీ, జిల్లా కచేరీలు కరీంనగర్‌కు తరలినప్పుడు పనివాళ్ళు కూడా వాటి వెంటే వెళ్ళారనీ చెప్పుకుంటారు. వెండిని కాచి, బెజ్జాలున్న పలకలోంచి లాగి, వెంట్రుకంత సన్నని తీగ చేస్తారు. రెండు తీగలు మెలిపెట్టి, వంచి, పువ్వులు ఆకులు అల్లి, చట్రంలో అమర్చి అతుకుతారు. కుంకుమ భరిణలు, అత్తరుదానులు, పాన్‌దానులు, నెమళ్ళు. 2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు పెట్టుకుని వేరే ఊరి సరుకు అమ్మడానికి లేదన్నమాట. తిరుగు ప్రయాణంలో కరీంనగర్‌లో ఆగి చూడండి. కొన్నా కొనకపోయినా, మసీదు గోడ మీద సున్నపు తీగను చూసిన కంటికి ఈ వెండి తీగ దాని చెల్లెలిలా కనిపిస్తుంది.

డబ్బాలో ఏం కట్టుకెళ్దాం?

ఎలగందులలో పెద్ద హోటళ్ళేవీ దొరకవు. సర్వపిండి, సకినాలు, పులిహోర తీసుకెళ్తే సాయంత్రం దాకా భేషుగ్గా ఉంటాయి. తీపికి మలీద ముద్దలు చేసుకోండి. ఎందుకంటే మన తెలంగాణలో సద్దుల బతుకమ్మకు చేసేదీ మలీదే, పీర్లకు పంచేదీ మలీదే. ఒకే ముద్ద రెండు పండుగలకు!

కావలసినవి: గోధుమపిండి 2 కప్పులు, బెల్లం తురుము 1 కప్పు, నెయ్యి 4 చెంచాలు, వేయించి పొట్టు తీసిన పల్లీలు గుప్పెడు, ఎండుకొబ్బరి తురుము కొద్దిగా, ఏలకులు నాలుగు, ఉప్పు చిటికెడు.

చేసే విధానం: పిండిలో ఉప్పు, ఒక చెంచా నెయ్యి వేసి గట్టిగా కలిపి అరగంట నానబెట్టండి. మందంగా రొట్టెలు ఒత్తి, సన్నని మంట మీద రెండు వైపులా బాగా కాల్చండి. వేడి తగ్గకముందే ముక్కలు చేసి రోట్లో దంచండి, లేదా మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. మరీ మెత్తగా కాకూడదు, రవ్వలా ఉండాలి. అందులో బెల్లం, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, కొబ్బరి, ఏలకుల పొడి కలిపి, మిగతా నెయ్యి వెచ్చజేసి పోసి ముద్దలు కట్టండి. రెండు రోజులు నిలువ ఉంటాయి. తినడం మాత్రం మసీదు బయట, చెట్టు నీడనే సుమా!

హైదరాబాదు వాళ్ళకు...

మీరు హైదరాబాదు నుంచి కొండగట్టుకు వచ్చినవాళ్ళయితే, ఊరికి తిరిగి వెళ్ళాక కూడా ఈ యాత్ర కొనసాగించవచ్చు. అక్కడ చూడదగ్గ మూడు పాత మసీదులున్నాయి. మూడింటికీ మూడు కథలు.

పురానాపూల్ దగ్గర మియా మిష్క్ మసీదు. 1678లో కట్టింది. మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ దాటి గోల్కొండ వైపు వెళ్ళే బాటసారులు ఆగే చోటు. కట్టించిన మియా మిష్క్ ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీ, కుతుబ్‌షాహీల కొలువులో పెద్ద అధికారి. బాటసారులకు సత్రం, స్నానశాల కూడా మసీదుతో పాటే కట్టించాడు. 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచెత్తిన మూసీ వరద ఈ ఒడ్డునే వచ్చింది. పురానాపూల్ బాగా దెబ్బతింటే తర్వాత బాగుచేశారు.

అక్కడికి దగ్గర్లోనే కార్వాన్‌లో టోలీ మసీదు. 1671లో మూసాఖాన్ కట్టించాడు. దీన్నే దమ్డీ మసీదు అని కూడా అంటారు. మక్కా మసీదు పనికి ఖర్చయ్యే ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున అతనికి ముట్టేదనీ, అలా కూడబెట్టిన దమ్డీలతోనే ఈ మసీదు లేచిందనీ కథ. పోపుల డబ్బాలో చిల్లర దాచుకునే మనకు ఈ కథ నచ్చకుండా ఉంటుందా?

మూడోది విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్‌లో. హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు, ఆమె పేరు మోసే మసీదు. ఈ బేగం సుల్తాను కూతురు, సుల్తాను భార్య, సుల్తాను తల్లి. చిన్నవాడైన కొడుకు గద్దెనెక్కితే రాజ్యం నడిపించింది ఆమే. మసీదు ముంగిలి చుట్టూ బాటసారుల కోసం వరసగా గదులు, దగ్గర్లో హాథీ బావి అనే పెద్ద బావి. ఇక్కడా నీళ్ళ తర్వాతే నమాజు!

బయలుదేరే ముందు గుర్తుంచుకోండి

* మంగళ, శనివారాలు కొండగట్టులో రద్దీ. హనుమజ్జయంతి రోజుల్లో ఇసుక వేస్తే రాలదు. బుధ, గురువారాలు మేలు.

* శుక్రవారం మధ్యాహ్నం మసీదు చూడటానికి వెళ్ళకండి, అది జుమా నమాజు వేళ. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర, లేదా మధ్యాహ్నం రెండున్నర తర్వాత కాసేపు అనుకూలం.

* చెప్పులు బయట విడవండి. చీర కొంగో, చున్నీయో తల మీదికి కప్పుకోండి. చేతులూ కాళ్ళూ కప్పే బట్టలు పిల్లలకూ వేయండి.

* నమాజు చేస్తున్నవారి ముందు నుంచి నడవకండి. ఫోటో తీసే ముందు అడగండి.

* హౌజులో గానీ, ఏటిలో గానీ ప్లాస్టిక్ కవర్లు, పూలదండలు పడేయకండి.

* కోట ఎక్కేది రాతి మెట్ల మీద. మోకాళ్ళ నొప్పులున్నవారు కిందే ఉండి మానేరు చూడవచ్చు. పిల్లల చెయ్యి వదలకండి, పాత గోడల అంచుకు పోనివ్వకండి.

* వేసవిలో కరీంనగర్ ఎండలకు వెళ్ళకండి. దసరా నుంచి శివరాత్రి దాకా హాయిగా ఉంటుంది. నీళ్ళు వెంట ఉండాలి, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం కట్టాలి.

అన్నట్టు, కొండగట్టు ప్రసాదం పొట్లంలో రెండు ముద్దల మలీద కూడా కట్టి ఉంచుకోండి. దారి చూపించిన అమ్మీ ఇంట్లో పిల్లలుంటే ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? ఇక సామాన్ల సంగతంటారా, ఈసారి వాటి దగ్గర మీ వారిని కూర్చోబెట్టండి. మీరు చూసి వచ్చాక ఆయన్ను పంపవచ్చు. ముందుగా మీరు చూడండి!